ఆరేళ్లుగా ఆర్‌లో ఎస్ఎఫ్ ప్యాకేజీ వాడాక

మాది ఒంగోలు. కనిగిరి, పొదిలి వైపు ఊళ్లలో బోరునీళ్ల ఫ్లోరైడ్ లెక్కల్ని మ్యాపు మీదకు ఎక్కించడం నా పని. ఆరేళ్లుగా, గణాంకాల పనికి వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాపుల కోసం ఉన్న ఎస్ఎఫ్ ప్యాకేజీనే నమ్ముకున్నాను.

ఈ ప్యాకేజీ మూడు లైబ్రరీల మీద, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడు మీద నిలబడింది. మ్యాపు ఫైళ్లు చదివేది జీడాల్. ఏ బోరు ఏ మండలం హద్దులో పడిందో తేల్చేది జియోస్. అక్షాంశ రేఖాంశాలను మీటర్లలోకి మార్చేది ప్రోజ్. మూడూ వేరేవాళ్లు రాసినవే. విండోస్‌లో ఆర్ ప్యాకేజీలు దొరికే క్రాన్ సైటు నుంచి ప్యాకేజీ దించుకుంటే ఇవన్నీ దాని లోపలే వచ్చేస్తాయి. నెట్ సరిగా అందని ఊళ్లో, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన జిప్ ఫైళ్లతో లాప్‌టాప్ సిద్ధం చేసుకున్న రోజులున్నాయి. ఆ సుఖం విలువ నాకు బాగా తెలుసు.

లినక్స్‌లో అలా కాదు. లైబ్రరీలు సిస్టమ్‌వి, ప్యాకేజీ వాటిని వెతుక్కుంటుంది. ఆఫీసు కంప్యూటర్‌ను ఉబుంటు అనే లినక్స్ రకంలో 22.04 వెర్షన్ నుంచి 24.04కి మార్చిన మర్నాడు ఎస్ఎఫ్ తెరుచుకోలేదు. అది వెతుకుతున్నది జీడాల్ 30వ నంబరు ఫైలు, కొత్త ఉబుంటులో ఉన్నది 34వది. రిపోర్టు గడువు దగ్గర పడిందన్న టెన్షన్‌లో జీడాల్ డెవలప్‌మెంట్ ఫైళ్లు వేసి, ప్యాకేజీని దాని సోర్స్ కోడు నుంచి మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. ఒక మేలు కూడా చెప్పాలి: సిస్టమ్ లైబ్రరీలో లోపం దిద్దితే దాన్ని వాడే ప్రోగ్రాములన్నిటికీ ఒకేసారి అందుతుంది. విండోస్‌లో మాత్రం ప్యాకేజీని మళ్లీ తయారుచేసి పంపేదాకా లోపలి పాత కాపీయే ఉంటుంది.

అయితే లోపల పెట్టి ఇచ్చినంత మాత్రాన అంతా భద్రం అనుకోకండి. పోయినేడాది పొదిలి నుంచి మా టీమ్‌లో అమ్మాయి ఫోన్ చేసి, "సార్, 32644 దొరకట్లేదంటోంది" అంది. అది భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మన ప్రాంతం పడే 44 ఉత్తర జోన్ కోడు, దొరక్కపోవడమేమిటి? వెతికితే తేలింది. ఆ లాప్‌టాప్‌లో ఇంకేదో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వేసినప్పుడు అది ప్రోజ్ డేటా ఫైళ్లు ఎక్కడ వెతకాలో చెప్పే ప్రోజ్‌లిబ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (సిస్టమ్ సెట్టింగును) తన పాత ఫోల్డర్ వైపు తిప్పి పెట్టింది. ప్రోజ్ కోడు ఎస్ఎఫ్ లోపలిదే, అది చదివే, ఈ కోడుల వివరాలుండే ప్రోజ్.డీబీ ఫైలు మాత్రం పరాయిది. వెర్షన్లు కలవలేదు. లైబ్రరీని కలిపి ఇచ్చేవాళ్లు దాని డేటా ఫైలును కూడా కలిపి ఇచ్చి, ముందు సొంతదాన్నే చదివేలా చూడాలని అప్పటి నుంచి గట్టిగా అనుకుంటున్నాను.

ఎస్ఎఫ్‌లో నాకు ఎంతో నచ్చింది, తెరవగానే జియోస్, జీడాల్, ప్రోజ్ వెర్షన్లను ఒక్క లైనులో చూపించడం. ఆ లైను ప్రతి రిపోర్టు చివర అతికిస్తాను. ఇక మా టీమ్ స్క్రిప్టులన్నిటిలో, ఎస్ఎఫ్‌ను పిలవకముందే ప్రోజ్‌లిబ్‌ను, ప్రోజ్ 9.1 వెర్షన్ నుంచి దాని కొత్త పేరైన ప్రోజ్‌డేటాను తీసేసే రెండు లైన్లు ఉంటాయి.