కాన్సాస్ సిటీ ట్రిప్: రాత్రి మోటెల్ దోపిడీ, పొద్దున వల అవతల బేస్‌బాల్

కాన్సాస్ సిటీ వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, రూమ్‌లో ఏసీ వేసి పది నిమిషాలు చూశాకే కార్లోంచి సామాన్లు దించండి. జులైలో అమ్మానాన్నల్ని తీసుకుని మేం ఐదుగురం సెయింట్ లూయిస్ నుంచి వెళ్లాం, ఐ-70 మీద నాలుగ్గంటలు, దారిలో చెప్పుకోవాల్సిందేం లేదు. హైవే పక్కన ఒక మోటెల్, యాప్‌లో రూమ్ 94 డాలర్లని చూసి రెండు తీసుకున్నాం. కౌంటర్ దగ్గరికెళ్తే టాక్స్ కాక రూముకి ఇంకో 18 డాలర్లు సర్వీస్ ఫీజంట, అది యాప్‌లో ఎక్కడా లేదు, పైగా రూముకి 100 డిపాజిట్. సరే అని కట్టాం. రాత్రి పదకొండున్నరకి నాన్న తలుపు కొట్టి "అమ్మాయ్, మా గదిలో వేడిగాలి వస్తోంది, మీ అమ్మకి ఆయాసంగా ఉంది" అన్నారు. కిందకెళ్లి అడిగితే కౌంటర్‌లో ఉన్నతను ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా రూములన్నీ ఫుల్, మేనేజర్ పొద్దున వస్తాడు అన్నాడు. అమ్మకి బీపీ ఉందని చెప్పినా ఒక ఫ్యాన్ కూడా ఇవ్వలేదు. ఐదుగురం ఒక్క రూమ్‌లో సర్దుకున్నాం, డెబ్బై రెండేళ్ల మా నాన్న దుప్పటి పరుచుకుని కింద పడుకున్నారు. పొద్దున అరగంట నిలబడి అడిగితే మేనేజర్ వెనక్కిచ్చింది 40 డాలర్లు. మేం పడుకోని రూముకి మిగతా డబ్బులు ఎందుకు కట్టాలి? కార్డు వాళ్లకి కంప్లైంట్ పెట్టాను. మీరు మాత్రం యాప్‌లో చూపించిన రేటు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆ కోపంతోనే 18వ వీధి, వైన్ స్ట్రీట్ కలిసే చోట ఉన్న నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియంకి వెళ్లాం. అమెరికాలో అన్నిటికన్నా పెద్ద బేస్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్‌లోకి నల్లవాళ్లని రానివ్వని రోజుల్లో, వాళ్లు సొంతంగా ఆడుకున్న లీగ్‌ల చరిత్ర అది. మావాడికి పదకొండేళ్లు, బేస్‌బాల్ అంటే ప్రాణం, ట్రిప్ పెట్టుకుందే వాడి కోసం. నాన్నకి క్రికెట్ తప్ప ఇంకేదీ ఆట కాదు, అమ్మకి నిద్ర లేదు, మా ఆయన మోటెల్ వాడి మీద ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

లోపలికెళ్లగానే ఎదురుగా చిన్న బేస్‌బాల్ గ్రౌండ్, అందులో పది కంచు విగ్రహాలు, ఎవరి పొజిషన్‌లో వాళ్లు. బంతి విసిరే చోట సాచెల్ పేజ్, క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాగా) జాష్ గిబ్సన్, ఇద్దరూ ఆ లీగ్‌ల్లో గొప్ప ఆటగాళ్లు. మనకీ వాళ్లకీ మధ్యన కోళ్ల గూటికి కొట్టేలాంటి ఇనప వల. మావాడు ఆ వలలో వేళ్లు పెట్టి "తాతయ్యా, లోపలికి దారెటు?" అని అటూ ఇటూ తిరిగాడు. దారి ఉండదు. చుట్టూ ఉన్న చరిత్రంతా నడిచి చూసి చివరికొస్తేనే గ్రౌండ్‌లోకి అడుగుపెట్టనిస్తారు. నల్లవాళ్లని అన్నేళ్లు ఎలా బయట నిలబెట్టారో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి, నాకు గొంతు పట్టేసింది.

1920 ఫిబ్రవరి 13న రూబ్ ఫోస్టర్ ఈ ఊళ్లోనే, నడిచెళ్లేంత దూరంలో ఉన్న పాసియో వైఎంసీఏలో మిగతా టీమ్ ఓనర్లని కూర్చోబెట్టి నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. మీ లీగ్‌లోకి రానివ్వకపోతే మా లీగ్ మేం పెట్టుకుంటాం అని. ఆ లీగ్‌లో ఈ ఊరి టీమ్ కాన్సాస్ సిటీ మోనార్క్స్, వాళ్ల మ్యాచ్ ఆదివారం ఉంటే చర్చిలో ప్రార్థన గంట ముందుకి జరిపేవాళ్లంట, జనం ఆ మంచి బట్టల్లోనే, టోపీల్లోనే నేరుగా గ్రౌండ్‌కి. 1930లోనే మోనార్క్స్ వాళ్లు జనరేటరూ లైట్లూ ట్రక్కుల మీద ఊరూరా తిప్పి రాత్రి మ్యాచ్‌లు ఆడారు, మేజర్ లీగ్‌లో లైట్లు వెలిగింది 1935లో. "మన తిరునాళ్లకి తెచ్చినట్టు తెచ్చారన్నమాట" అన్నారు నాన్న, అక్కడి నుంచి ఆయన మొహం మారింది.

నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఒంగోలు డిపోలో ఆర్టీసీ డ్రైవర్. టీమ్ బస్సు ఫొటో దగ్గర అతుక్కుపోయారు. హోటళ్లలో రూమ్ ఇవ్వరు, చాలాచోట్ల తిండి కూడా పెట్టరు, అందుకని రాత్రంతా బస్సులోనే పడుకుని పొద్దున మళ్లీ మ్యాచ్ ఆడేవాళ్లు అని చదివి చెప్పాను. "ఆటగాళ్లు బస్సులో పడుకుంటే మరి డ్రైవర్ ఎప్పుడు పడుకున్నాడమ్మా?" అన్నారు. ఆ తర్వాత ఆయనే "మన దగ్గర మాత్రం? సీకే నాయుడు అంతటోడు ఆడింది 'హిందూస్' అనే టీమ్‌కి, బొంబాయిలో మతానికో టీమ్ ఉండేది" అని మావాడికి చెప్పడం మొదలుపెట్టారు.

నన్ను కుదిపేసింది మాత్రం 1947 తర్వాతి కథ. ఏప్రిల్ 15న నల్లవాడైన జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ టీమ్ బ్రూక్లిన్ డాడ్జర్స్‌కి ఆడాడు, ఆ అడ్డు తొలగింది, అమెరికా మారింది అని స్కూల్లో మావాడికి చెప్పింది అంతవరకే. రాబిన్సన్ 1945లో మోనార్క్స్ ప్లేయర్, డాడ్జర్స్ వాళ్లు అతన్ని తీసుకున్నందుకు మోనార్క్స్‌కి ఒక్క డాలరూ ఇవ్వలేదు. మంచి ఆటగాళ్లంతా అటెళ్లారు, వాళ్ల వెనకే జనం కూడా, పదిహేనేళ్లు తిరిగేసరికి ఈ లీగ్‌లు మూతపడ్డాయి, టీమ్‌లూ వాటి మీద బతికిన పనివాళ్లూ పోయారు. తలుపు తీయాల్సిందే, కానీ ఇల్లు కట్టుకున్నవాళ్లకి దక్కిందేంటి? వాళ్ల లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపింది 2024లో, అప్పుడే జాష్ గిబ్సన్ .372 బ్యాటింగ్ యావరేజ్‌తో, అప్పటిదాకా ఆ రికార్డు ఉన్న టై కాబ్‌ని దాటాడు, అప్పటికి గిబ్సన్ చనిపోయి 77 ఏళ్లు. అదే 2024 సీజన్ మొదట్లో మేజర్ లీగ్‌లో నల్ల అమెరికన్ ఆటగాళ్లు ఆరు శాతమే. ట్రావెల్ టీమ్‌కి (ఊళ్లు తిరిగి ఆడే పిల్లల టీమ్) మావాడికి ఈ ఏడు మేం కట్టింది 2,150 డాలర్లు, బ్యాట్, హోటళ్లు వేరే. అప్పుడు రంగు చూసి ఆపారు, ఇప్పుడు ఫీజు చాలామందిని ఆపుతోంది, వాడి టీమ్‌లో పద్నాలుగుమంది పిల్లల్ని చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది.

చివరికి గ్రౌండ్‌లోకి వెళ్లాం. మావాడు గిబ్సన్ పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు, ఫొటో తియ్యమని కూడా అడగలేదు. ఇక్కడికి గంట చాలదు, మూడు గంటలు పెట్టుకోండి. అదే బిల్డింగ్‌లో జాజ్ మ్యూజియం ఉంది, అమ్మ అక్కడ బెంచీ మీద పాటలు వింటూ కునుకు తీసింది.

మధ్యాహ్నం దగ్గర్లోనే ఆర్థర్ బ్రయంట్స్‌లో చికెన్, టర్కీ, ఐదుగురికి 71 డాలర్లు, ఆ సాస్ పుల్లగా ఘాటుగా మన నోటికి సరిపోతుంది, అమ్మ మాత్రం తెచ్చుకున్న పులిహోరే తింది. సాయంత్రం కాఫ్‌మన్ స్టేడియంలో ఇప్పటి ఈ ఊరి మేజర్ లీగ్ టీమ్ రాయల్స్ మ్యాచ్, పై అంతస్తు టికెట్ 19, పార్కింగ్ 25. హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక ఒకటే ఎర్ర సీటు ఉంటుంది, అది బక్ ఓనీల్ సీటు, ఆయన మోనార్క్స్ ఆటగాడు, 1962లో మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి కోచ్. ఊరికి మంచి చేసిన ఒక్కరిని మ్యాచ్ మ్యాచ్‌కీ అందులో కూర్చోబెడతారు. పొద్దున మ్యూజియం, సాయంత్రం మ్యాచ్, ఈ వరసలోనే చూడండి.

రాత్రి అక్కడ ఉండలేదు, తిరిగొచ్చేశాం. కొలంబియా దాటాక అందరూ నిద్రపోయారనుకున్నా, వెనక సీట్లోంచి నాన్న అడిగారు, "అమ్మాయ్, ఆ లీగ్ మూసేశాక బస్సు డ్రైవర్లకి వేరే ఉద్యోగం ఎవరైనా ఇచ్చారంటావా?"