పదకొండు రోజులు ఇటలీ పల్లెల్లో: మా ట్రిప్ ప్లానర్ గురించి (5కి 3.5)

మేలో నేను, మావారు, మా అమ్మ ఇటలీ వెళ్ళొచ్చాం, రివ్యూ ఇప్పుడెందుకు రాస్తున్నానంటే అప్పుడే రాసుంటే కళ్ళుమూసుకుని 5 ఇచ్చేసేదాన్ని, సెప్టెంబర్‌లో ఒక మెయిల్ వచ్చింది, అది కింద చెప్తా.

ముందు అమీర్‌పేట్, బేగంపేట్‌లో నలుగురు ఏజెంట్లని అడిగాం. అందరిదీ ఒకటే పాట, రోమ్ ఫ్లోరెన్స్ వెనిస్ మిలన్, మధ్యలో పీసా టవర్ దగ్గర గంట ఆగి ఫొటో, కావాలంటే స్విస్ కూడా కలిపేస్తాం మేడమ్ అని. మాకు పల్లెటూళ్ళు కావాలండి, ఒకచోట నాలుగైదు రోజులు ఊరికే కూర్చోవాలి అంటే "అక్కడ ఏముంటుంది మేడమ్ చూడ్డానికి" అన్నాడొకాయన, దానికి నా దగ్గర సమాధానం లేదు నిజంగా.

చివరికి మా ఆడపడుచు చెప్తే హిమాయత్‌నగర్‌లో ఈయన దగ్గరికెళ్ళాం. చిన్న ఆఫీసు, ఒక్కడే మనిషి. ప్యాకేజీలు అమ్మడు, ఫీజు తీసుకుని ప్లాన్ రాసిస్తాడు, బుకింగ్స్ మనమే చేసుకోవాలి, మా దగ్గర పద్దెనిమిది వేలు తీసుకున్నాడు. కాగితాలకి ఇంత డబ్బా అని మావారు ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉన్నారు.

కానీ ఆ కాగితాలు బాగున్నాయి. రోమ్‌లో దిగగానే అక్కడ ఉండకుండా గంటపైన ట్రైన్‌లో ఓర్వియేతో, మూడు రాత్రులు. ఊరు కొండ మీద, స్టేషన్ కింద, ఫ్యునిక్యులర్ (తాడుతో కొండ మీదికి లాగే చిన్న రైలు) ఎక్కితే పైన దింపేస్తుంది, అమ్మ మోకాళ్ళకి మెట్ల బాధ లేదు. దిగిన పక్కనే ఒక బావి ఉంది చూడండి, 1527లో రోమ్‌ని సైన్యాలు దోచేసినప్పుడు పారిపోయొచ్చిన పోప్ తవ్వించాడట, ముట్టడి వేస్తే నీళ్ళకి ఇబ్బంది రాకూడదని. 53 మీటర్ల లోతు, 248 మెట్లు, దిగే దారి వేరు ఎక్కే దారి వేరు, రెండూ మెలి తిరుగుతూ ఎక్కడా కలవవు, నీళ్ళు మోసే గాడిదలు ఎదురుపడకుండా అన్నమాట. మేమిద్దరం దిగాం, అమ్మ పైనే కూర్చుని "గాడిదలకున్న వన్ వే మన అబిడ్స్‌లో లేదే" అంది.

తర్వాత టస్కనీ ప్రాంతంలో పియెంజా అనే ఊరి దగ్గర పొలాల మధ్య అగ్రితురిజ్మోలో ఐదు రాత్రులు. అంటే రైతులే వాళ్ళింట్లో గదులిస్తారు, మాది చిన్న వంటగది కూడా ఉన్నది. అసలు ట్రిప్ అంటే ఇదే. పొద్దున లేవడం, గోధుమ చేలు చూడ్డం, పది పదకొండింటికి తీరిగ్గా కారు తీసి మోంతెపుల్చానో వెళ్ళి రావడం. మేమున్న ఆ వాల్ దోర్చా లోయ మొత్తం 2004 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, కొండలకి కూడా హెరిటేజ్ ఇస్తారా అనుకున్నా, చూశాక ఒప్పుకున్నా.

అమ్మ ప్యూర్ వెజ్. చాలా చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారని, పర్మేజాన్ కూడా అంతేనని ఈయన ముందే రాసిచ్చాడు, ఏ ఏజెంటూ ఇది చెప్పడు. పీచి అని చేత్తో చేసే లావు పాస్తా మామూలుగా గుడ్డు లేకుండానే చేస్తారు, అయినా అడిగి తినమన్నాడు. టస్కనీ రొట్టెలో ఉప్పే వెయ్యరు, మా ఆవకాయకి అంతకన్నా మంచి జోడీ దొరకలేదు.

ఇక తప్పులు. మధ్యాహ్నం భోజనాల టైమ్ అయిపోతే హోటళ్ళు మూసేసి మళ్ళీ ఏడున్నరకి గానీ తియ్యరని ఎక్కడా రాయలేదు, మేము మూడింటికి ఆకలితో వెళ్ళి అరటిపళ్ళతో సరిపెట్టుకున్నాం. అది చిన్నది. పెద్దది సియెనా అనే ఊళ్ళో. పాత ఊళ్ళ నడిమధ్యలోకి బయటి కార్లు పోకూడదు, జెడ్‌టీఎల్ అంటారు, ఎర్ర గుండ్రం బోర్డు ఉంటుంది, కెమెరా నంబర్ పట్టేస్తుంది. ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోమన్నాడు, ఆటోమేటిక్ కారు ముందే బుక్ చేసుకోమన్నాడు, ఈ ఒక్కటి మర్చిపోయాడు. జీపీఎస్ దారి చూపిస్తుంటే హోటల్ ముందుదాకా దర్జాగా వెళ్ళాం. నాలుగు నెలల తర్వాత ఫైన్ అని ఆ మెయిల్, దానికి తోడు అక్కడి పోలీసులకి మా వివరాలు ఇచ్చినందుకు కారు కంపెనీ వాళ్ళ ఫీజు.

ఫోన్ చేస్తే "సారీ మేడమ్, ఇకనుంచి అందరికీ మొదటి పేజీలోనే రాస్తా" అన్నాడు, డబ్బులు మాత్రం ఇవ్వలేదు. మావారైతే 2 ఇవ్వమన్నారు. అమ్మ 5 అంది. వీసాకి రోజువారీ ప్లాన్, 30,000 యూరోల ఇన్సూరెన్స్ లాంటివన్నీ పక్కాగా చూపించాడు కాబట్టి నాది 3.5.

వెళ్ళేవాళ్ళు కారు తీసుకుంటుంటే హోటల్‌కి ముందే మెయిల్ పెట్టి పార్కింగ్ ఎక్కడో అడగండి. ఆయన ఆఫీసు దగ్గర కూడా పార్కింగ్ లేదు, నారాయణగూడ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి.