అబూ ధాబీ ఫార్ములా రోసా: ఐదు సెకన్ల కోసం అంత దూరం వెళ్లవచ్చా?

అబూ ధాబీలో యాస్ ద్వీపంలోని ఫెరారీ వరల్డ్ థీమ్ పార్కు అనగానే మనవాళ్లలో చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది ఫార్ములా రోసాయే. 2010 నవంబరులో ప్రారంభమైన ఈ రోలర్ కోస్టర్, అమెరికాలోని కింగ్డా కా నెలకొల్పిన 206 కిలోమీటర్ల రికార్డును దాటి, గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పదిహేనేళ్ల పాటు ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. 2025 డిసెంబరు 31న సౌదీ అరేబియాలోని ఖిద్దియాలో మొదలైన ఫాల్కన్స్ ఫ్లైట్ 250 కిలోమీటర్లతో ఆ రికార్డును తన పేరిట రాయించుకుంది. ఆ పది కిలోమీటర్ల తేడా కోసం అబూ ధాబీ ప్రయాణం మానుకోవలసిన పని లేదని నా అభిప్రాయం.

బండిని గొలుసుతో మెల్లగా పైకి లాగి వదిలే పాత పద్ధతి ఇక్కడ లేదు. పంపులు నూనెను తోసి సిలిండర్లలోని నైట్రోజన్‌ను గట్టిగా అదిమి ఉంచుతాయి. ఆ ఒత్తిడిని ఒక్కసారిగా వదలగానే హైడ్రాలిక్ మోటార్లు పెద్ద డ్రమ్మును తిప్పుతాయి, దానికి చుట్టుకుపోయే ఉక్కు తాడు పదహారు మందితో ఉన్న బండిని ముందుకు ఈడ్చుకుపోతుంది. సుమారు ఐదు సెకన్లలో పూర్తి వేగం వచ్చేస్తుంది. ఎక్కే ముందు ఇచ్చే కళ్లద్దాలు ముస్తాబు కోసం కావు; ట్రాక్ ఎడారి గాలిలోకి వెళుతుంది కనుక ఆ వేగంలో ఇసుక రేణువైనా, పురుగైనా కంటికి ప్రమాదమే. వాటి పట్టీని ముందే బిగించుకుని, తలను సీటుకు ఆనించి ఉంచాలి. బుగ్గలు వెనక్కి లాగుకుపోతాయి, కేక వేద్దామన్నా గాలి నోట్లోనే కుక్కేస్తుంది.

ఆ తరువాత 52 మీటర్ల గుట్ట, ఇటలీలోని మోంజా రేసు ట్రాక్‌ను తలపించే మలుపులు వస్తాయి. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్నా ఎక్కడా తలకిందులు చేయదు. నిజం చెప్పాలంటే రెండో సగం కాస్త చప్పగానే సాగుతుంది. సీటు ఎంచుకునే వీలుంటే ముందు వరుస కోసం ఆగడమే మేలు. ఎగుడుదిగుళ్ల వైవిధ్యం కోరేవారికి అదే పార్కులోని మరో రోలర్ కోస్టర్ ఫ్లయింగ్ ఏసెస్ ఎక్కువ నచ్చవచ్చు. నాకైతే రెండోసారి ఎక్కాలనిపించింది దానినే.

పార్కులో అధిక భాగం ఎర్రటి పైకప్పు కింద చల్లగా ఉంటుంది కనుక ఎండాకాలంలోనూ పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. అయితే ఫార్ములా రోసా ట్రాక్ బయట ఉంది. గాలి, వాన ఎక్కువైతే ఆపేస్తారు. అందువల్ల గేటు తెరిచిన వెంటనే నేరుగా దాని వైపే నడవాలి. అలా వెళితే వరుసలో ఎక్కువసేపు నిలబడకుండా అదనపు రుసుముతో అమ్మే క్విక్ పాస్ అవసరం మామూలు రోజుల్లో అంతగా ఉండదు. ఎత్తు కనీసం 140 సెంటీమీటర్లు ఉండాలన్న నిబంధన విషయంలో సిబ్బంది పట్టుగా ఉంటారు, కాబట్టి పిల్లలను ఇంట్లోనే కొలిచి తీసుకువెళ్లడం మంచిది. వరుస చివర ఏడుపులు తప్పుతాయి. మెడ, వెన్ను, గుండె సమస్యలున్నవారు దీని జోలికి పోకూడదు.

బస విషయానికి వస్తే, దుబాయిలో బంధువుల ఇల్లు ఉంటే గది అద్దె మిగులుతుంది గానీ, రానూ పోనూ ప్రయాణంలో పొద్దుటి విలువైన సమయం పోతుంది. ద్వీపంలో రెండు పార్కులు చూడదలచినవారు యాస్ ప్లాజాలోని మధ్యతరగతి హోటళ్లలో ఒక రాత్రి ఉండడం లాభం. పార్కుల మధ్య ఉచిత బస్సు తిరుగుతుంది. ఫార్ములా వన్ ట్రాక్‌పై కట్టిన ఖరీదైన హోటల్ చూడడానికి బాగుంటుంది గానీ, పగలంతా పార్కులో గడిపే కుటుంబానికి ఆ ఖర్చు దండగ. రేసు జరిగే వారంలో ద్వీపమంతటా గదుల ధరలు ఆకాశానికి అంటుతాయి. శాకాహారులకు పార్కు లోపల ఎక్కువగా పిజ్జా, పాస్తాలే దిక్కు. పార్కును ఆనుకుని ఉన్న యాస్ మాల్ ఫుడ్ కోర్టులో భోజనం చేస్తే ఎంచుకోవడానికి ఎక్కువ ఉంటుంది, అదీ రైడ్లన్నీ అయ్యాకే.