సైక్లోక్రాస్‌కి 12 డిగ్రీల ఫ్లేర్ హ్యాండిల్: మూడు సీజన్ల వాడకం తర్వాత

సైక్లోక్రాస్ అంటే బురద, గడ్డి, అడ్డుపలకల మీదుగా సాగే, మధ్యమధ్యలో సైకిల్‌ని మోస్తూ పరుగెత్తే రేసు. వాడింది అల్యూమినియం డ్రాప్ హ్యాండిల్, అంటే రెండు కొసలూ కిందికి వంగి ఉండేది. ఆ వంపులే డ్రాప్‌లు, అవి కిందికి వెళ్లే కొద్దీ బయటికి వాలే కోణమే ఫ్లేర్. వెడల్పు 42 సెం.మీ., రీచ్ (ముందుకి చాపు) 70 మి.మీ., డ్రాప్ (కిందికి లోతు) 120 మి.మీ., స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) పట్టే చోట వ్యాసం 31.8 మి.మీ. సైకిలుకి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) టైరు వెడల్పుకి పెట్టిన హద్దు 33 మి.మీ. కాబట్టి అదే సైజు ట్యూబ్‌లెస్ టైర్లు.

రేసుకి ఈ ఫ్లేర్ చాలు. గ్రావెల్ (కంకర దారుల) సైకిళ్ల హ్యాండిళ్ల 24 డిగ్రీలు చూసి ఆశపడొద్దు. హుడ్‌ల (బ్రేక్ లివర్ల రబ్బరు పిడుల) దగ్గర 42 ఉన్న హ్యాండిల్ కింది కొసల దగ్గర, 12 డిగ్రీలకే, దాదాపు 47 అవుతుంది. 24 అయితే 53కి దగ్గరపడుతుంది. స్టార్ట్‌లో గుంపుగా దూసుకుపోయేటప్పుడు ఆ కొసలు పక్కవాళ్ల హ్యాండిల్‌కి తగులుకుంటాయి. సైకిల్‌ని భుజానికెత్తుకున్నప్పుడు కుడిచెయ్యి డౌన్‌ట్యూబ్ (ఫ్రేములో కింది వాలు గొట్టం) కింద నుంచి వెళ్లి ఎడమ డ్రాప్‌ని పట్టుకోవాలి కదా, అది దూరం జరిగితే పట్టు దొరకదు, ముందు చక్రం ఊగుతూ మోకాలికి కొడుతుంది. పైగా హుడ్‌లు లోపలికి వాలి మణికట్టు మెలితిరుగుతుంది. చేతులు ఎక్కువసేపు ఉండేది హుడ్‌ల మీదే, డ్రాప్‌లు పట్టేది జారుడు పల్లాల్లోనే.

కొనేటప్పుడు వెడల్పు ఎక్కడ కొలిచారో చూసుకోండి. కొందరు హుడ్‌ల దగ్గర గొట్టం మధ్య నుంచి మధ్యకి కొలుస్తారు, కొందరు బయటి అంచుల నుంచి, ఇంకొందరు కింది కొసల దగ్గర. '42' అని రాసి ఉన్న రెండు హ్యాండిళ్లకి 2 సెం.మీ. తేడా రావచ్చు.

బిగింపు విషయానికొస్తే, రోడ్డు సైకిల్ కన్నా స్టెమ్ 10 మి.మీ. పొట్టిగా, హ్యాండిల్ 10 నుంచి 15 మి.మీ. ఎత్తుగా పెడితే మలుపుల్లో ముందు చక్రం మీద మరీ ఎక్కువ బరువు పడదు. స్టెమ్ ముందు పలక నాలుగు బోల్టులూ ఐమూలగా, కొద్దికొద్దిగా 5 న్యూటన్ మీటర్ల (బిగింపు బలం కొలత) దాకా (స్టెమ్ మీద వేరే అంకె ఉంటే అదే), పైనా కిందా సందు సమానంగా ఉండేలా బిగించాలి. బిగింపు తక్కువైతే అడ్డుపలకలు దాటి సైకిల్‌ని కింద పెట్టగానే హ్యాండిల్ కిందికి తిరిగిపోతుంది. నునుపైన రంగు ఉన్న హ్యాండిల్ సరిగ్గా బిగించినా జారుతుంది, దానికి కార్బన్ పేస్టు (పట్టు పెంచే గరుకు పేస్టు) రాస్తే ఆగింది. గ్రీజు వద్దు. బ్రేక్ లివర్ క్లాంప్ (లివర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే పట్టీ) బిగింపుని మాత్రం చెప్పిన హద్దులో తక్కువ వైపే ఉంచితే, పడ్డప్పుడు లివర్ పక్కకి తిరుగుతుందే తప్ప విరగదు.

ఎడమ లివర్‌కి వెనక బ్రేకు కలపడం చిన్న మార్పే గానీ చాలా ఉపయోగం. దిగేటప్పుడు కుడిచెయ్యి టాప్‌ట్యూబ్ (ఫ్రేములో పై గొట్టం) మీదికి పోతుంది, హ్యాండిల్‌ని పట్టుకుని ఉండేది ఎడమచెయ్యి ఒక్కటే. దానికి ముందు బ్రేకు ఉంటే సైకిల్ తలకిందులయ్యే ప్రమాదం. అయితే హోస్‌లు (బ్రేకు నూనె గొట్టాలు) మార్చి బ్లీడ్ చెయ్యాలి (నూనెలో గాలి తీసెయ్యాలి) కాబట్టి సైకిల్ కట్టేటప్పుడే చెయ్యడం మేలు. హోస్‌లు స్టెమ్ లోపల నుంచి పోయే సైకిళ్లలో తర్వాత పెట్టుకుంటే నరకం.

టేపు 3 మి.మీ. మందంది. కొసల నుంచి మొదలుపెట్టి స్టెమ్ వైపు చుట్టాలి, డ్రాప్‌లలో చుట్టు బయటి వైపు తిరగాలి, అప్పుడు అరచెయ్యి లాగే కొద్దీ బిగుసుకుంటుంది. ఎంత బాగా చుట్టినా కొసల దగ్గరే ముందు చిరుగుతుంది, పడ్డప్పుడల్లా ప్లగ్గూ (గొట్టం కొస మూత) ఊడుతుంది. ఒత్తి పెట్టే ప్లగ్గులు తీసేసి స్క్రూతో లోపల వ్యాకోచించేవి పెట్టాక ఆ బాధ తగ్గింది. ప్లగ్గు లేని గొట్టం కొస చర్మాన్ని కోసేస్తుంది.

లోపాలు: లివర్ క్లాంప్ కింద రంగు రాలింది, మొదటి సీజన్‌లోనే. బురద ఆరాక స్టెమ్‌లో కిర్రుమంటుంది. పలక విప్పి ఇసుక తుడిస్తే పోతుంది. ఇక బరువు, కార్బన్ కన్నా ఎక్కువే. కానీ పడ్డాక అల్యూమినియం వంగితే కంటికి కనబడుతుంది, కార్బన్ పగులు టేపు కింద దాక్కుంటుంది. వంగినదాన్ని సరిచేసి వాడొద్దు, పారేయండి.

పిట్‌లో (రేసు మధ్యలో సైకిల్ మార్చుకునే చోట) రెండో సైకిల్ ఉంటే సీటు ముక్కు నుంచి హుడ్ కొస దాకా రెండింటిదీ కొలిచి 5 మి.మీ. లోపు కలపండి, లివర్ల వాలు కూడా. ఎడమ, కుడి బ్రేకులు కూడా రెండింటిలో ఒకేలా ఉండాలి.