రాయగడ బజారులో దొరికే సిలికాన్ వాక్యూమ్ పైపు: పాత టర్బో డీజిల్‌కి ఎంతవరకు?

ఇంజిన్‌లో వాక్యూమ్‌ని, అంటే గాలి లాగుడుని, చేరవేయడానికి మీటరు లెక్కన కోసిచ్చే ఈ పైపు వేడికి బాగా ఆగుతుంది. కొరాపుట్ ఘాట్లెక్కే పాత టర్బో డీజిల్‌కి కొనదగ్గదే, గోడ మందం చూసుకుంటే. లోపలి వ్యాసం 4 మి.మీ. అయితే గోడ 2 మి.మీ. ఉండేది తీసుకోండి. పల్చటిది వేడెక్కాక వంపుల దగ్గర నొక్కుకుపోతుంది. టర్బోని అదుపు చేసే, వాక్యూమ్‌తో నడిచే యాక్చుయేటర్‌కి లాగుడు అందక బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పడిపోతుంది, ఎత్తు మీద బండి లాగదు.

వాక్యూమ్ పంపు లైనుకి మాత్రం ఇది వద్దే వద్దు. అక్కడి ఆయిల్ తుంపరకి సిలికాన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఆయిల్‌ని తట్టుకునే రబ్బరు పైపే అడగండి, బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టరు కూడా ఆ పంపు మీదే ఆధారపడుతుంది.

పాత పైపుని గుంజితే అది తొడిగిన ప్లాస్టిక్ ముక్కు విరుగుతుంది. ముక్కుకి గీత పడకుండా బ్లేడుతో నిలువుగా చీల్చండి. ఒక్కొక్కటే మార్చండి, లేకుంటే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) దగ్గర లైన్లు తారుమారవుతాయి.