కమాండోస్ ఒరిజిన్సా, డెస్పరాడోస్ 3 ఆ, పాతదేనా: ఏది మేలు?

శత్రువుల కంటపడకుండా నక్కి నక్కి ఆడే స్టెల్త్ గేమ్ కమాండోస్ ఒరిజిన్స్ ఆడుతున్నానని తెలిసిన దగ్గర్నుంచి మా గాజువాక బ్యాచ్‌లో అందరిదీ ఒకటే గోల, "ఒరే, డబ్బులు పెట్టొచ్చా, లేకపోతే అదే టైపు డెస్పరాడోస్ 3 ఏ బెటరా?" అని. ఒక్కొక్కడికీ చెప్పలేక నోరు నొప్పెడుతోంది, అందుకే రాసేస్తున్నా.

నా లెక్క ఒకటే: గేమ్‌లో శత్రువుకి దొరికిపోయినప్పుడు తప్పెవరిది?

1998లో పైరో స్టూడియోస్ వాళ్లు తెచ్చిన పాత కమాండోస్, అంటే బిహైండ్ ఎనిమీ లైన్స్‌లో తప్పెప్పుడూ మనదే. కాపలా సెంట్రీ చూపు ఎంతవరకు పడుతుందో ఆకుపచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, దాంట్లో దూరం వైపు సగంలో పాక్కుంటూ పోతే ఏం కాదు, దగ్గర సగంలోకి వచ్చావా సైరనే. ఎవర్నీ తిట్టడానికి లేదు, నోరు మూసుకుని పాత సేవ్ లోడ్ కొట్టడమే. ఇప్పుడు పెట్టినా అదే కిక్కు, కాకపోతే కొత్త మానిటర్ మీద బొమ్మ చూస్తే కళ్లు లాగేస్తాయి.

డెస్పరాడోస్ 3 (2020) కూడా అంతే నిజాయితీ. షాడో టాక్టిక్స్ అనే గేమ్ చేసిన మిమిమి స్టూడియో వాళ్లదే కదా, 2023లో దుకాణం కట్టేశారు, పాపం. మన టీమ్‌లో హెక్టర్ అనేవాడు ఉచ్చు పెట్టి ఈలేస్తాడు, గార్డు "ఏంటా సౌండు" అని వచ్చి సరిగ్గా దాంట్లోనే కాలేస్తాడు, పొదలో కూర్చున్న మనకి పండగే. పనితనం చూస్తే ఈ మూడింట్లో ఇదే ఫస్టు, అందులో డౌటే లేదు.

ఇక ఒరిజిన్స్. 2018లో కలిప్సో అనే గేమ్ కంపెనీ కమాండోస్ హక్కులు కొన్నాక ఏళ్ల తరబడి ఎదురుచూపులు చూస్తే 2025 ఏప్రిల్‌లో వచ్చింది, వచ్చీ రాగానే ఫ్యాన్స్ రెండు ముక్కలు. మన పాత గ్రీన్ బెరెట్ టైనీ, స్నైపర్ డ్యూక్ మళ్లీ కనిపించారు అదే పదివేలు అని సగం మంది, బగ్గులతో ఉడకని అన్నం వడ్డించారని సగం మంది. ఇద్దరిదీ కరెక్టే. తర్వాత ప్యాచ్‌లు వచ్చాయనుకోండి. కానీ తప్పు మనదా గేమ్‌దా అనే అనుమానం ఒకసారి మొదలైతే స్టెల్త్ గేమ్‌లో సగం మజా పోతుంది.

మరి నేనెందుకు అదే ఆడుతున్నా అంటే, దాంట్లో ఇద్దరం ఒకే టీవీ మీద స్ప్లిట్ స్క్రీన్‌లో ఆడొచ్చు. డెస్పరాడోస్‌లో అది లేదు. అప్పట్లో పాత కమాండోస్ ఆడాలంటే నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలు, చెరో పది వేసుకుని ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చునేవాళ్లం, మౌస్ నాది, పక్కన మా బావ "వస్తన్నాడు వస్తన్నాడు, పాకరా" అని చెవిలో గోల. నాకు కమాండోస్ అంటే అదే, ఒంటరిగా ఆడిన గుర్తే లేదు.

రీమాస్టర్లా? 2020లో వచ్చిన కమాండోస్ 2 ది వద్దు, పాతదే ఆడుకోండి. కమాండోస్‌ని ఫస్ట్ పర్సన్ షూటర్‌గా మార్చేసిన స్ట్రైక్ ఫోర్స్ ఊసే ఎత్తకండి.

ఒక్కడివే అయితే కళ్లు మూసుకుని డెస్పరాడోస్ 3. జోడీ ఉంటే ఒరిజిన్స్.

మొన్న ఆదివారం అనకాపల్లి నుంచి బావ వచ్చాడు. స్నైపర్ తనకి, గ్రీన్ బెరెట్ నాకు. నేను గోడ పక్కన కత్తి పట్టుకుని "ఆగు బావా, ఆగు" అంటూనే ఉన్నా, కాల్చేశాడు. సైరన్. "నువ్వే కదా ఊ అన్నావ్" అంటాడు. నేనెప్పుడన్నాను?