సొంత ప్రాజెక్టుకి సైకోపై: 34 మందితో వాడి చూశాక

గ్రూపు లేకుండా సొంతంగా ఒక ప్రయోగం చేస్తానని గైడ్‌కి చెప్పేశాను. నాకు కోడింగ్ రాదు, సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. అప్పుడు దొరికింది సైకోపై. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ పియర్స్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, కంప్యూటర్ మీద మనస్తత్వశాస్త్ర ప్రయోగాలు తయారుచేసి నడపడానికి. ఉచితం.

1935లో మనస్తత్వవేత్త స్ట్రూప్ చేసిన ప్రయోగానికి నాది చిన్న మార్పు. "ఎరుపు" అన్న మాట నీలం రంగులో కనిపిస్తుంది. మాటను పట్టించుకోకుండా రంగుకి తగిన కీ నొక్కాలి. మాటా రంగూ వేరైతే మనిషి తడబడి ఆలస్యం చేస్తాడు. చెవిలో ఎవరో మాట్లాడుతుంటే ఆ తడబాటు పెరుగుతుందా అన్నది నా ప్రశ్న.

సైకోపైలో మౌస్‌తో ప్రయోగాన్ని అమర్చుకునే బిల్డర్ అనే భాగంలో ఇదంతా కోడ్ రాయకుండానే కుదిరింది. ఎక్సెల్ షీట్‌లో మాట, రంగు, సరైన కీ అని మూడు కాలమ్‌లు రాసి, ఒకే పనిని వరుసవరుసకీ మళ్లీ నడిపే లూప్‌కి తగిలిస్తే, వరుసలు కలగలిపి అదే చూపిస్తుంది. రెండు రోజులు తిప్పలు పెట్టింది మాత్రం డాలర్ గుర్తు. వేరియబుల్ పేరు (ఇక్కడ కాలమ్ పేరే) ముందు అది పెట్టకపోతే తెర మీద ఆ పేరే కనిపిస్తుంది. పక్కనున్న మెనూలో "సెట్ ఎవ్రీ రిపీట్" (ప్రతిసారీ మార్చు) ఎంచుకోవడం కూడా మర్చిపోకండి.

ఎథిక్స్ అనుమతి వచ్చాక ఐదుగురితో పైలట్, అంటే ముందస్తు పరీక్ష చేశాను. వాళ్లు వెళ్లాక ఫైల్ తెరిస్తే, జవాబు తప్పో ఒప్పో చెప్పే కాలమ్ అసలు లేదు! కీబోర్డ్ సెట్టింగుల్లో "స్టోర్ కరెక్ట్" దగ్గర టిక్ పెట్టలేదు నేను. గుండె జారిపోయింది. కానీ ఎక్సెల్‌లో తెరుచుకునే ఆ సీఎస్‌వీ ఫైల్లో ట్రయల్‌కో (మాట ఒకసారి చూపిస్తే ఒక ట్రయల్) వరుస చొప్పున అన్నీ ఉన్నాయి: చూపించిన మాట, దాని రంగు, నొక్కాల్సిన కీ, నొక్కిన కీ, పట్టిన సమయం. రెండు కాలమ్‌లు పోల్చే ఒక్క ఫార్ములాతో పని అయిపోయింది, ఎవర్నీ మళ్లీ పిలవలేదు. ఈ ఒక్కదానికే దీన్ని ఎవరికైనా ధైర్యంగా చెప్తాను.

టైమింగ్ విషయంలో కాస్త ఓపిక కావాలి. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చే తెర మీద ఒక్కో ఫ్రేమ్ (ఒక్కో బొమ్మ) దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అందుకే మాటకి ముందు వచ్చే ప్లస్ గుర్తుకి 500 మిల్లీసెకన్లు, అంటే 30 ఫ్రేములు పెట్టుకున్నాను. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేసి నడిపాను.

ఆన్‌లైన్‌లో చేయాలనుకుంటే ముందే ఆలోచించుకోండి. దానికి వాడే పావ్లోవియా అనే వెబ్‌సైట్‌లో యూనివర్సిటీకి లైసెన్స్ లేకపోతే పాల్గొనేవాళ్ల సంఖ్యను బట్టి డబ్బు కట్టాలి. పైగా అక్కడ నడిచేది జావాస్క్రిప్ట్, మనం రాసుకున్న పైథాన్ ముక్కలన్నీ అందులో పనిచేయవు. నేను మాత్రం ఆన్‌లైన్‌కి వెళ్లలేదు. మధ్యస్థమైన తేడా, అంటే 0.5 ఎఫెక్ట్ సైజు, 80 శాతం పవర్ (ఆ తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం) అనుకుంటే ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లో పోల్చడానికి, ఎంతమంది కావాలో లెక్కగట్టే జీపవర్ అనే ప్రోగ్రామ్ 34 మంది కావాలంది. అందరినీ ఒకే లాప్‌టాప్ ముందు ఒక్కొక్కరిగా కూర్చోబెట్టాను.

ఇంకొకటి. డేటా తీసుకోవడం మొదలయ్యాక కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేయకండి. నేను మొదటి మనిషికి వాడిన వెర్షన్‌నే చివరి మనిషి దాకా ఉంచాను.